రాయిగూడ తినని గోధుమలు

డిసెంబర్ 2, ఒప్పందం 27వ ఏడు

నవంబర్ పట్టిక ఈ ఉదయం తేలింది.

కడెం మండలానికి ముందు నెల మిగిలిన గోధుమలు, పందిళ్ల కింద పండినవి, మనిషి లేకుండా పట్టాల మీద నడిచే మూగబండిలో వచ్చినవి ఒక పక్క. జనం తిన్నవి, విత్తనానికి తీసినవి, పశువులకు వేసినవి, పాడైనవి, గాదెలో మిగిలినవి రెండో పక్క. రెండు పక్కలూ సమానం కావాలి. ఆహార తుల్య కేంద్రం చేసే పని ఇంతే. అంకెలు యంత్రమే వేసుకుంటుంది. ఏ అంకె ఎందుకలా ఉందో పక్కన ఒక్క వాక్యం రాయడానికి మనిషిని పెట్టారు. ఇక్కడ ఆ మనిషిని నేను, దంగేటి వనజ. ఈ దినచర్య పట్టికలు చూసే బోర్డుకు వెళ్లదు. ఒక్క వాక్యంలో పట్టని సంగతులు నా తర్వాత ఈ కుర్చీలోకి వచ్చేవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను.

రెండు పక్కలూ సరిపోయాయి. అయితే తిండి వరస తగ్గింది. ఆ మేరకు గాదెలో నిల్వ పెరిగింది. కరువు కాలంలో ఎవరైనా ఎక్కువ తింటే దొంగతనం జరిగిందేమోనని చూస్తాం. తక్కువ తింటే ఇంకా భయపడాలి. చావులైనా ఉండాలి, జబ్బయినా ఉండాలి.

గాదె చూసుకునే దస్తగిరికి చెప్పాను. "మీటర్ కరాబైనట్టుంది మేడం. గింజ ఎక్కువైందంటే ఎవడన్న నమ్ముతడా ఈ రోజుల్ల?" అన్నాడు.

డిసెంబర్ 9

మీటర్ బాగానే ఉంది. దస్తగిరీ నేనూ గాదె పైకెక్కి బరువు కట్టిన తాడు దించి చూశాం. గింజ మీటర్ చెప్పిన ఎత్తులోనే ఉంది. పైన ఎండ మాడ్చేస్తోంది. డిసెంబర్‌లో చలి ఉండేదని మా అమ్మ చెప్పేది. ఇప్పుడు గోధుమ మొక్కకు చలి మేమే తయారుచేసి ఇస్తున్నాం. పందిరి వేసి, కింద రాత్రంతా చల్లటి మంచు చిమ్మితే గానీ అది కంకి వేయదు. మండలంలో నీరంతా ఆ పందిళ్లకే పోతుంది.

పైనుంచి చూస్తే తెల్లటి పందిళ్లు వరసగా కనబడతాయి. వాటికి ఆవల గుట్టలు. గుట్టల మీద ఏముందో మా పటంలో లేదు. అక్కడ నీళ్లు లేవు కాబట్టి పంట లేదనే లెక్క.

కిందికి దిగాక ఊరి వారీగా తీసి చూశాను. అన్ని ఊళ్లూ మామూలుగానే ఉన్నాయి. ఒక్క రాయిగూడలోనే సగానికి పైగా తగ్గింది. వాటా గోధుమలు ఊరి మరలో పడాలంటే ఇంటివాళ్లు వచ్చి వేలిముద్రకు వేలు పెట్టాలి. రాయిగూడలో రెండు నెలలుగా చాలా ఇళ్ల వేళ్లు పడలేదు.

వైద్యశాలకు కబురు చేశాను. రాయిగూడ నుంచి ఎవరూ రావడం లేదన్నారు. ఆ మాట నాకు ధైర్యం ఇవ్వలేదు. వెళ్లి చూడాల్సిందే.

డిసెంబర్ 17

రాయిగూడ వెళ్లి వచ్చాను.

బండి గుట్ట మొదట్లో ఆగిపోయింది. అక్కడినుంచి నడక. దారిలో ఏ ఇంటి ముందు తెల్లగుడ్డ కనిపిస్తుందో, ఏ ఇంటికి తాళం ఉంటుందో అని చూసుకుంటూ వెళ్లాను. మొదటి ఇంటి ముందు ఇద్దరు ఆడపిల్లలు తాడాట ఆడుతున్నారు. ఒళ్లు నిండుగా ఉన్నారు. మా ఆఫీసు పక్క వీధిలో పిల్లలకన్నా నిండుగా.

మరకు సాలెగూడు పట్టి ఉంది. దాన్ని చూసుకునే కుమ్ర భీంబాయి ఇంటి దగ్గరే ఉంది. అరవై దాటిన మనిషి. నేను ఎక్కడినుంచి వచ్చానో చెప్పగానే పీట వేసింది.

"ఊళ్లో అందరూ బాగున్నారా?" అన్నాను.

"మంచిగున్నరు."

"ఎవరైనా పోయారా ఈ మధ్య?"

"ఆషాఢంల ఒక ముసలాయన పోయిండు. ఇగ ఎవ్వలు పోలే. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"గోధుమలు తీసుకోవడం లేదు కదా మీరు. ఏం తింటున్నారో అని."

భీంబాయి నవ్వి లోపలికి వెళ్లింది. చేతులతో రొట్టె తట్టే చప్పుడు వినబడింది. గోధుమ రొట్టె చేసేటప్పుడు ఆ చప్పుడు రాదు. పళ్లెంలో వేడి జొన్నరొట్టె, ఎర్రకారం, కొంచెం నూనె తెచ్చి పెట్టింది. జొన్నరొట్టె చివరిసారి ఎప్పుడు తిన్నానో గుర్తులేదు. సగం తినేదాకా నేనేమీ అడగలేదు.

"ఇవి ఎక్కడివి?"

గడ్డంతో గుట్ట వైపు చూపించింది. కోత అయిపోయిన మోళ్లు. కిందినుంచి పైదాకా, రాళ్ల మధ్య మట్టి ఉన్న ప్రతిచోటా. కళ్లంలో ఎండిన జొన్న సొప్ప ఇంటెత్తున పేర్చి ఉంది.

సంగతి ఆమె చెప్పింది. నేనీ ఉద్యోగంలో చేరకముందు ఏడాది, వరదకు పట్టాలు కొట్టుకుపోయి మూగబండి నెల దాకా రాలేదు. ఆ బండి నడిపే మనిషంటూ ఉండడు, దారి తప్పినా ఎవరితోనూ చెప్పుకోలేదు. గాదెలో ఉన్నది కింది ఊళ్లకే సరిపోయింది. రాయిగూడలో పిల్లలకు చింతచిగురు ఉడకబెట్టి పెట్టారు. ఈ ఊరివాళ్లు కొత్తల పండుగకు దేవుడి ముందు పెట్టడానికని ఏటా గుప్పెడు జొన్నలు ఒక చిన్న మడిలో పండించుకునేవారు. ఆ ఏడాది వాటిని వండకుండా విత్తనానికి దాచారు. తర్వాతి ఏడు గుట్ట మీద ఓ మూల వేశారు. ఈ ఏడు గుట్టంతా వేశారు.

"కాలువ నీళ్లు ఒక్క చుక్క ముట్టలే. వాననీళ్లే," అంది.

"మరి గోధుమలు తీసుకోవడం ఎందుకు మానేశారు? మీ వాటా మీకు ఉంది కదా."

ఆమెకు నా ప్రశ్న వింతగా తోచింది. "కడుపు నిండినోడు పళ్లెం పట్టుకొని నిలబడతడా బిడ్డా? లేనోళ్లకు పోతయనుకున్నం."

అలా పోవని నేను చెప్పాల్సి వచ్చింది.

డిసెంబర్ 18

నిన్న అలసిపోయి పూర్తిగా రాయలేదు. నియమం ఇది. ఫిబ్రవరి ఆఖరున పట్టిక ముగుస్తుంది. ముగింపుకు ముందు నెలల్లో ఏ ఊరు ఎంత తిన్నదో అదే ఆ ఊరి అవసరంగా మారుతుంది. రాయిగూడ సగమే తిన్నది కాబట్టి వచ్చే ఏటి నుంచి సగమే వస్తుంది. జొన్న పంట పోయిన ఏడు మిగతా సగం అడిగితే ఎక్కడా ఉండదు. మిగిలిన గోధుమలను బోర్డు తనకు తోచినచోటికి తరలిస్తుంది. నిల్వ ఎక్కువున్న పెద్ద ఊళ్లకే ముందు వెళతాయి, వాటి గాదెలు దగ్గర కాబట్టి.

ఇంకొకటి. విత్తనం పడిన ప్రతి నేలా, మండలాలన్నీ తిండి పంచుకునే ఒప్పందం కిందికి వస్తుంది. గుట్ట సంగతి పట్టికలో రాస్తే గుట్ట కొలతకు వస్తారు.

దస్తగిరికి ఇదంతా చెబితే ఒక్క నిమిషంలో తేల్చేశాడు. "అందర్ని ఒచ్చి వేలు పెట్టుమను. తీసుకపోయి ఆవులకెయ్యమను. ఒడ్సిపాయె."

"పశువుల వరస వేరే ఉంది దస్తగిరీ."

"తిండి వరసలనే రాయి మేడం. ఆవు తినేది తిండి కాదా?"

నవ్వాను గానీ, అతను చెప్పినట్టు చేసే మండలాలు ఉన్నాయని నాకు తెలుసు. గోధుమలు ఆవులకు వేసే రోజులా ఇవి?

డిసెంబర్ 26

అక్కతో మాట్లాడాను. మా అక్క అచ్చాయమ్మ ఒడ్డు మండలంలో కట్ట మీది శిబిరంలో ఉంటుంది. సముద్రం లోపలికి వచ్చాక మా ఊళ్లవాళ్లలో సగంమంది ఇటు గట్టు ప్రాంతానికి వచ్చేశాం. మిగిలినవాళ్లు కట్ట కట్టుకుని అక్కడే నిలబడ్డారు. అక్క ఆ కట్ట మీద నీళ్లు తోడే యంత్రాలు చూసుకుంటుంది.

ఈ ఏడు పడమటి మండలాల గోధుమకు కుంకుమ తెగులు పట్టింది. ఒడ్డుకు వెళ్లే బండ్లు సగం అయ్యాయి. పట్టికలో చూసి నాకు ముందే తెలుసు. అక్క ముఖం తెర మీద చూశాక తెలిసింది వేరు.

"ఏం తింటున్నారే అక్కా?"

"తింటన్నాంలేవే. చేపలున్నాయి కదా."

"చేపలు తగ్గాయని రాశారు."

"మీరు అన్నీ రాసేసుకుంటారు. తగ్గాయి. అయితే ఏటంట? పొద్దున్న ఒకసారి గంజి తాగితే సాయంత్రం దాకా చూసుకోక్కర్లేదు. నీ సంగతి చెప్పు, దగ్గు తగ్గిందా?"

బుగ్గల ఎముకలు పైకి వచ్చాయి. గాజులు మోచేతి దాకా జారి కనబడుతున్నాయి. ఆమె ఏమీ అడగలేదు. అడిగే మనిషైతే నాకు కొంత తేలికగా ఉండేది.

జనవరి 5

పై అధికారి రఘోత్తంగారితో మాట్లాడాను. బోర్డులో పట్టికలన్నీ ముగించేది ఆయనే. మంచివాడే. గాదెలు ఖాళీ అవుతుంటే చూస్తూ కూర్చోవాల్సిన ఉద్యోగం ఆయనది, అందువల్ల మాట పొదుపు.

రాయిగూడ పేరు చెప్పకుండా అడిగాను. ఒక ఊరు తన వాటా తినకుండా మిగిల్చి, అది ఫలానా చోటికే వెళ్లాలంటే దారి ఉందా అని.

"లేదండి."

"మరి పట్టికలో బదులు అని ఒక వరస ఉంది కదా. ఎప్పుడూ సున్నా చూపిస్తుంది."

ఆయన కాసేపు వెతికి చదివి చెప్పారు. ఒప్పందం రాసిన రోజుల్లో ఎవరో పెద్దావిడ పట్టుబట్టి పెట్టించిందట. పక్కింటికి బియ్యం చేబదులు ఇచ్చుకున్నట్టు ఒక మండలం ఇంకో మండలానికి గోధుమలు ఇవ్వవచ్చు. ఇచ్చినవి ఇచ్చినవాళ్లు తిన్నట్టే లెక్క, కాబట్టి వాటా తగ్గదు. పుచ్చుకున్నవాళ్లు మూడేళ్లలో తిరిగి పంపాలి. ఇన్నేళ్లలో ఒక్కరూ వాడలేదు.

"ఎందుకు వాడలేదంటారు?"

"ఎవరి దగ్గర మిగిలిందండి వాడటానికి?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "వనజగారూ, ఇంటికొకరు ఒప్పుకుని వేలు పెట్టాలి. కారణం రాయాలి. కారణం నిజం కాకపోతే బదులు చెల్లదు, నిజమైతే బోర్డు వచ్చి చూస్తుంది. ఆ ఊరివాళ్లకు ఇదంతా చెప్పే చేయండి."

జనవరి 12

రాయిగూడ కళ్లంలో ఊరంతా కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం, సొప్పవాముల నీడలో. నేను ఏదీ దాచలేదు. మౌనంగా ఉంటే ఏమవుతుందో చెప్పాను. వేలు పెట్టి ఆవులకు వేస్తే ఏమవుతుందో చెప్పాను. బదులు ఇస్తే ఏం కావచ్చో చెప్పాను. గుట్ట కొలతకు వస్తారని, కొలిచాక ఏం చేస్తారో నాకు తెలియదని కూడా చెప్పాను.

పెందూర్ లచ్చు లేచాడు. నలభై ఏళ్లుంటాయి. గుట్ట మీద మొదటి మూల దున్నింది అతనే.

"చెప్తే గుట్ట గుంజుకుంటరు. చెప్పకుంటె సగం గోధుమలు పోతయ్. పోనియ్. జొన్నలున్నయ్ గదా. ఎవ్వని జోలికి పోకుంట మన తిండి మనం తింటమంటె నీకేం అడ్డమొచ్చింది మేడం?"

"జొన్న పంట పోయిన ఏడు?"

"పోయిననాడు చూస్కుంటం. ఆకలి మాకు కొత్తనా?"

వెనకనుంచి ఒకామె అడిగింది, ఒడ్డుకే ఎందుకు పంపాలి, వేరేచోట్ల ఆకలి లేదా అని. అబద్ధం చెప్పవచ్చు. ఒడ్డు పట్టిక అన్నిటికన్నా దిగువన ఉందని మాత్రమే చెప్పినా అది నిజమే.

"ఒడ్డు పరిస్థితి అన్నిచోట్ల కన్నా కష్టంగా ఉంది," అన్నాను. "మా అక్క కూడా అక్కడే ఉంది."

లచ్చు చేతులు రెండూ ఎత్తి జనం వైపు చూపించాడు. "అదీ సంగతి! ఇగ అర్థమైందా? మా పోరగాళ్లు చింతాకు తిన్ననాడు ఒడ్డోళ్లు ఏమన్న పంపిన్రా మాకు?"

"పంపలేదు. మీరు పస్తులున్నట్టు ఆ నెల పట్టికలో ఎవరూ రాయలేదు. రాయిగూడ పేరు కూడా వాళ్లు విని ఉండరు."

"మరి వాళ్ల పేరు మాకెందుకు చెప్తున్నవ్?"

కూర్చున్నాను. మేక ఒకటి సొప్ప లాగుతుంటే ఎవరో అదిలించారు.

భీంబాయి కూర్చున్న చోటినుంచే మాట్లాడింది. "లచ్చు చెప్పేది అబద్ధం గాదు. గుట్ట పోతె నాకూ బాధనే. గానీ చింతాకు ఉడికిచ్చిన గిన్నె నేనే కడిగిన. ఆ దినం ఎవలన్న ఒక గంపెడు గింజలు పంపుంటె, వాని అక్క ఎవరు, చెల్లె ఎవరు అని అడుగుదునా? గింజలు గాదెల ఉంటె పురుగులు తింటయ్. నేనైతె వేలు పెడత."

ఆమె లేచి నా చేతిలోని వేలిముద్ర పలక మీద వేలు పెట్టింది. తర్వాత ఒకరొకరే వచ్చారు. అందరూ కాదు. ఐదారిళ్లవాళ్లు లేచి వెళ్లిపోయారు. లచ్చు వెళ్లకుండా అక్కడే నిలబడి ఎవరెవరు పెడుతున్నారో చూస్తున్నాడు. అతని భార్య మంకుబాయి కొంగు సర్దుకుంటూ వచ్చి వేలు పెట్టింది.

"మా ఇల్లు ఒప్పుకోలే," అన్నాడు లచ్చు.

నేను నియమం చెప్పాను. ఇంటికి ఒక వేలు, ఎవరిదైనా సరే.

"పోరడు ఏడ్సిన రాత్రులు నేను గదా కూసున్న," అంది మంకుబాయి, ఎవరితోనో అన్నట్టు. లచ్చు గుట్ట వైపు నడిచి వెళ్లాడు.

జనవరి 13

బదులు వరసలో సున్నా తీసి రాయిగూడ అంకె వేశాను. యంత్రం రెండుసార్లు నిజమేనా అని అడిగింది. కారణం: "రాయిగూడ వాసులు వాననీటితో గుట్ట మీద జొన్న పండించుకుని తింటున్నారు. తమ వాటా గోధుమలు ఒడ్డు మండలానికి బదులు ఇస్తున్నారు." ఇంతకన్నా చిన్న వాక్యం నాకు రాలేదు. పంపేశాక మంచినీళ్లు తాగి, ఇంకోసారి చదివాను.

ఫిబ్రవరి 3

బోర్డు ఒప్పుకుంది. మూగబండి మధ్యాహ్నం వచ్చింది. గాదె నుంచి గొట్టం ద్వారా గింజ పెట్టెల్లోకి పడుతుంటే దస్తగిరి ముక్కుకు గుడ్డ కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ముక్కిన గింజ పోకూడదని ప్రతి పెట్టె నుంచీ గుప్పెడు తీసి వాసన చూశాడు. సాధారణంగా ఇంత చూడడు. మేము తిని బతికే గోధుమలను అతను ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదని అన్నాను.

"ఇంట్ల తినేది ఎట్లున్న నడుస్తది మేడం. పక్కింటికిచ్చేది మంచిగుండాలె," అన్నాడు.

భీంబాయి, మంకుబాయి, ఇంకా నలుగురు చూడ్డానికి వచ్చారు. బండి కదిలింది. దానికి కూత ఉండదు. చూస్తుండగానే వంపు తిరిగిపోయింది. మంకుబాయి "గింతేనా?" అంది. గింతే అన్నాను.

ఫిబ్రవరి 14

అక్క తనే మాట్లాడింది. మామూలుగా నేనే పిలవాలి.

"గోధుమలొచ్చాయే వనజా. మా శిబిరానికి రెండో విడతలో ఇచ్చారు. ముందు ఆసుపత్రికీ, చంటిపిల్లల ఇళ్లకీ ఇచ్చారు. అదే మంచిది."

"తిన్నారా?"

"తినకుండా చూస్తా కూర్చుంటామా? నాలుగు రోజుల నుంచి రొట్టెలే. ఇక్కడ నీళ్లు ఉప్పగా ఉంటాయి కదా, పిండిలో ఉప్పు వేయక్కర్లేదు." నవ్వింది. తర్వాత అడిగింది. "ఏదో ఊరివాళ్లు తినకుండా ఇచ్చారంట. నిజమేనా?"

"తినకుండా కాదు. జొన్నలు తింటున్నారు."

"ఏదైతేనేం. ఏ ఊరు?"

చెప్పాను. అక్క ఆ పేరు రెండుసార్లు పలికింది. పక్కనున్నవాళ్లకు కూడా చెప్పింది, వినబడింది.

మార్చి 6

బోర్డు నిర్ణయం వచ్చింది. రఘోత్తంగారు ముందుగా చెప్పి, తర్వాత పంపారు. కిందటి నెలాఖరున ఎగిరే యంత్రం రెండు రోజులు గుట్ట మీద తిరిగింది. గుట్టను సాగు నేలగా రాసుకున్నారు. పటంలో ఇప్పుడది కనిపిస్తుంది.

బదులు ఇచ్చిన గోధుమలు రాయిగూడ తిన్నట్టే లెక్కవేశారు. ఆ మాట నిలబెట్టుకున్నారు. అయితే జొన్న కూడా తిండే కాబట్టి రెండూ కలిపి చూశారు. రాయిగూడ అవసరానికి మించి తింటున్నట్టు తేలింది. అందుకని గోధుమ వాటా మూడో వంతు తగ్గించారు. వచ్చే పంట నుంచి, కొలిచిన జొన్నలో ఐదో వంతు ఉమ్మడి గాదెకు ఇవ్వాలి.

"గుట్ట తీసుకోలేదు. సగం పోవాల్సింది మూడో వంతుతో ఆగింది. నేను చేయగలిగింది అదేనండి," అన్నారు.

నమ్మాను. ఆయన చేయగలిగింది అదే అయి ఉంటుంది. కానీ వాళ్లు నోరు మూసుకుని ఆవులకు వేసి ఉంటే ఏదీ పోయేది కాదు. ఆ దారి వాళ్లకు తెలియక కాదు, నేనే చెప్పాను. చెప్పి, బదులు వైపు రమ్మన్నాను.

మార్చి 8

రాయిగూడలో చెప్పి వచ్చాను. కబురు పంపి ఊరుకోవచ్చు. కాళ్లు అటే తీసుకెళ్లాయి.

లచ్చు అరవలేదు. అరుస్తాడనే వెళ్లాను. "నేను చెప్పలేదా?" అని మాత్రం అన్నాడు, నాతో కాదు, మంకుబాయితో. ఆమె తల దించుకుంది. వేలు పెట్టి తప్పు చేశానా అన్నట్టు తన చేతిని చూసుకుంటుంటే నాకు అక్కడ నిలబడటం కష్టమైంది.

భీంబాయి చేతిలో చేట పక్కన పెట్టింది. తర్వాత అడిగింది. "వాళ్లు తిన్నరా?"

"తిన్నారు. ఊరి పేరు అడిగారు."

"పేరు చెప్పినవా?"

"చెప్పాను."

"ఇగ తిన్నదాన్ని కక్కుమంటమా?" అని లేచి లోపలికి వెళ్లింది. ఆ రోజు నాకు ఎవరూ రొట్టె పెట్టలేదు.

జూలై 20

జొన్న విత్తారు. మా పట్టికలో జొన్నకు కొత్త పుట తెరిచారు. గోధుమ పుటకు నకలే. ఈ మండలంలో జొన్న వేసింది ఒక్క రాయిగూడే కాబట్టి ఆ పుటంతా ఒకే ఊరు. వానలు ఆలస్యంగా వచ్చినా బాగానే పడ్డాయి. గుట్ట కిందినుంచి చూసి వచ్చేశాను. పైకి ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ అనలేదు.

దస్తగిరి గుప్పెడు జొన్నలు ఎక్కడో సంపాదించి గాదె వెనక ఖాళీ నేలలో చల్లుకున్నాడు. అది పట్టికలో రాయాలా అని అడిగాడు. కంకి వేశాక చూద్దామన్నాను.

నవంబర్ 24

జొన్న కొలతకు రాయిగూడ వెళ్లాను. మార్చి తర్వాత ఊళ్లోకి వెళ్లడం ఇదే.

కొలిపించడానికి లచ్చు నిలబడ్డాడు. ఊరివాళ్లే అతన్ని పెట్టారట. కుప్ప కొలిచాం. ఎగిరే యంత్రం పంట నిలబడి ఉన్నప్పుడు అంచనా వేసిన దానికీ కుప్పకూ చాలా తేడా ఉంది. కళ్లంలో మూడింట రెండు వంతులే ఉంది. పండినది ఒక పక్క, ఖర్చయినది ఒక పక్క. రెండూ సమానం కావాలి.

"మిగతాది ఏమైంది?" అన్నాను.

"పిట్టలు తిన్నయ్," అన్నాడు లచ్చు.

"మూడో వంతా?"

"మస్తు పిట్టలు మేడం ఈ ఏడు. గుంపులు గుంపులు."

గుట్ట వైపు చూశాను. కోసిన మోళ్ల మీద ఎండ పడుతోంది. దూరంగా ఒక రాయి మీద రెండు పావురాలు కూర్చుని ఉన్నాయి. భీంబాయి చేట పట్టుకుని తూర్పార పడుతోంది, మా వైపు చూడటం లేదు. మంకుబాయి ఇంటి గోడకు ఈ మధ్యే కొత్తగా మట్టి మెత్తినట్టుంది, ఇంకా తడి ఆరలేదు. గోడ కూడా మునుపటికన్నా చాలా మందంగా ఉంది, లోపల గంపలు పట్టేంత. ఆ పక్క ఇంటిదీ అంతే.

"ఇన్ని పిట్టలు ఎక్కడినుంచి వచ్చాయి?" అని అడిగాను.

లచ్చు మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "ఒడ్డు దిక్కు నుంచి ఒచ్చినట్టున్నయ్ మేడం. అక్కడ తిండి లేదట గదా పాపం."

పాడైనవి అనే వరసలో మూడో వంతు వేశాను. కారణం దగ్గర "పిట్టలు తిన్నాయి" అని రాశాను. మిగిలిన దాంట్లో ఐదో వంతు విడిగా పోయించి బండికి ఎక్కించాం. లచ్చు తనే మోశాడు. వచ్చేటప్పుడు భీంబాయి రెండు రొట్టెలు ఆకులో చుట్టి ఇచ్చింది. దారిలో తిన్నాను.

నవంబర్ 26

రఘోత్తంగారు పిలిచారు.

"రాయిగూడ జొన్న చూశానండి. పిట్టలా?"

"అవునండి."

"మరీ మూడో వంతు తింటాయా?"

"బాగా ఆకలి మీద ఉన్నట్టున్నాయండి."

అటువైపు కాగితమో ఏదో కదిలించిన శబ్దం. వచ్చే ఏడైనా తగ్గుతాయా అని అడిగారు.

పిట్టల సంగతి ముందే చెప్పలేమన్నాను. ఆయన సరేనని పట్టిక ముగించారు.